ఆకుల్లో వగరు

మా వదిన కాపురానికొచ్చిన కొత్తలో ఒక ఉదయం అన్నయ్య పాల కోసం ఫ్రిజ్ తలుపు తీసి అలాగే నిలబడిపోయాడు. పాలు ఉండాల్సిన చోట ప్లాస్టిక్ సంచుల్లో ఆకులున్నాయి. కూరగాయల అరలోనూ ఆకులే. గుడ్లు పెట్టే గూట్లో, మూతలకి సన్నటి చిల్లులు పొడిచిన చిన్న చిన్న డబ్బాలు. ఒక్కో డబ్బాలో ఒక్కో గొంగళిపురుగు ముడుచుకుని పడుకుంది.

“ఇవి లేస్తాయా?” అన్నాడు అన్నయ్య.

“మీరు తలుపేస్తే లేవవు. చల్లదనానికి పడుకున్నాయి” అంది వదిన, పళ్లు తోముకుంటూ.

అన్నయ్యకి కళ్లజోళ్ల దుకాణం ఉంది. శుభ్రం అంటే ప్రాణం పెడతాడు. అద్దం మీద ఎవరి వేలిముద్రయినా కనిపిస్తే ఆ పూట ఆయనకి భోజనం సయించదు. అలాంటి మనిషి ఆ రోజు తలుపు చప్పుడు కాకుండా వేసి, సాయంత్రం ఇంటికొస్తూ ఇంకో చిన్న ఫ్రిజ్ కొనుక్కొచ్చాడు. ఆ ఇంట్లో ఇక మీదట ఎవరి మాట చెల్లుతుందో నాకు అప్పుడే అర్థమైంది.

వదిన చెట్ల మీద, వాటిని తినే పురుగుల మీద పరిశోధన చేస్తుంది. ఊరి చివర, కొండ కింద, ఆమె పనిచేసే కేంద్రానికి పెద్ద తోట ఉంది. తోట అంటే కాయలు కోసుకునే తోట కాదు. నేలంతా గళ్లు గళ్లుగా విడగొట్టి ఉంటుంది. ఒక గడిలో అన్నీ ఒకే జాతి చెట్లు. ఇంకో గడిలో రెండు జాతులు కలిపి నాటారు. మరో దాంట్లో నాలుగు. వాటి అసలు పేర్లు నాకు నోరు తిరగవు. అందుకని నా పేర్లు నేను పెట్టుకున్నాను. బెరడు తెల్లగా పొరలు పొరలుగా లేచేది తెల్లబెరడు. ఏడాది పొడుగునా పచ్చగా ఉండి గుచ్చుకునేది సూదాకు. అరచేతి కన్నా వెడల్పైన ఆకులున్నది పెద్దాకు. నాలుగోది ఎన్ని నీళ్లు పోసినా తాగేసి, పక్కవాటికి మిగల్చదు. దానికి తాగుబోతు అని పేరు పెట్టాను. మొదట వదిన నవ్వింది. తర్వాత ఆవిడా అలాగే పిలవడం మొదలుపెట్టింది. ఒకసారి బయటి దేశం నుంచి వచ్చిన అతిథుల ముందు కూడా నోరు జారి అనేసిందట.

నాది ఇనుప పని. గేట్లు, కిటికీ చట్రాలు, రేకుల షెడ్లు చేస్తాను. ఆ తోటలో సగం గళ్లకి గొట్టాలతో నీళ్లు పడుతుంటారు. మిగతా సగానికి కరువు రప్పించాలి. దాని కోసం చెట్ల మొదళ్ల మధ్య, మోకాలెత్తున, వాలుగా పారదర్శకమైన రేకులు పరిచాం. ఎండ నేలకి తగలాలి, వాననీళ్లు మాత్రం వేళ్లకి అందకుండా కాలవలోకి జారిపోవాలి. ఆ చట్రాలన్నీ నావే. అప్పట్నించీ వదిన నన్ను “రేకుల మరిదీ” అనే పిలుస్తుంది.

“చెట్లకి గొడుగులు వేయించుకున్న ఊరు ఇంకోటి ఉండదు వదినా” అన్నాను ఒకసారి, చట్రం బిగిస్తూ.

ఆవిడ తెల్లబెరడు ఆకు ఒకటి తుంచి నా చేతిలో పెట్టింది. “నములు.”

నమిలాను. నాలుక మొద్దుబారిపోయింది. నోట్లో తడంతా ఎవరో గుడ్డతో తుడిచేసినట్టయింది.

“వగరు” అన్నాను ఉమ్మేసి.

“కదా! చెట్టు పారిపోలేదు. తోసెయ్యలేదు, అరవలేదు. అందుకని తనని తాను రుచి లేకుండా చేసుకుంటుంది. నీ నోటికే ఇలా ఉంటే పురుగు కడుపు సంగతి ఆలోచించు. తిన్నది అరగదు దానికి, ఎదగదు. కానీ ఆ వగరు ఊరికే రాదు మరిదీ. చెట్టు తన ఒంట్లో బలం తీసి దాన్ని తయారుచేసుకోవాలి. నీళ్లు లేనప్పుడు ఆ బలం ఎక్కడ్నించి తెస్తుంది? పక్కన ఎవరున్నారన్నది అప్పుడు దానికేమైనా పనికొస్తుందా? ఇదీ నేను చూస్తున్నది.”

ఆ మాటలు చెప్పేటప్పుడు ఆవిడ ముఖం చూడాలి. పక్కింటి పిల్ల పరీక్ష పాసైతే సంబరపడినట్టు, చెట్టు గురించి సంబరపడేది.

ఈ ప్రశ్న అసలు ఆమెది కాదు, ఆమె గురువుగారిది. మేమంతా ఆయన్ని మాస్టారు అనేవాళ్లం. వదిన చదువుకునే రోజుల్లో, ఆడపిల్లకి ఈ పురుగుల గొడవెందుకని అందరూ అంటుంటే, ఆయన మాత్రం తన భూతద్దం ఆమె చేతికిచ్చి “పోయి చూడు” అన్నారట. ఆయన సిద్ధాంతం సులువుగా అర్థమయ్యేది. రకరకాల చెట్ల మధ్య పెరిగిన చెట్టు బలంగా ఉంటుంది. కరువొచ్చినా తన వగరు నిలుపుకుంటుంది, అందుకే దాన్ని పురుగులు తక్కువ తింటాయి. ఒకే జాతిగా నాటిన చెట్లు కరువులో చేతులెత్తేస్తాయి. కాబట్టి ఎన్ని జాతులు కలిస్తే అంత మేలు. ఆయన మాట మీద గౌరవంతో మా ఊరి పార్కులన్నీ అలాగే వేశారు. బళ్లో పిల్లల చేత వల్లె వేయించారు కూడా. వదిన ఆ తోట వేసిందే ఆ మాటని కొలిచి చూపించడానికి.

అలాంటి సమయంలో వానలు మొహం చాటేశాయి.

ఒక వానాకాలం పోయింది. తర్వాతి కాలమూ పోయింది. కొండ మీద గడ్డి గోధుమరంగుకి తిరిగింది. జలాశయంలో ఎప్పుడో మునిగిన పాత రోడ్డు బయటపడింది, జనం దాన్ని చూడటానికి బండ్లేసుకుని వెళ్లారు. కుళాయిలకి వంతులు పెట్టారు. నేను తోటలో రేకులు తుడుస్తుంటే నాకే నవ్వొచ్చింది. రాని వానని ఆపడానికి కాపలా కాస్తున్నాను!

కేంద్రం ఆవరణలో సొంత బోరు, దాని మీద పెద్ద ట్యాంకు ఉన్నాయి. నీళ్లు పట్టాల్సిన గళ్లకి అందులోంచి పడుతూనే ఉన్నారు. ఆ సంగతి తోట పక్క వీధిలో వాళ్లకి తెలిసిపోయింది. ఒక ఉదయం గేటు ముందు బిందెలతో, డబ్బాలతో గుంపు చేరింది. ముందు నిలబడినావిడ లాండ్రీ నడుపుతుంది. నీళ్లు లేక దుకాణం మూతపడింది. నిప్పులు చెరుగుతోంది.

“మా పిల్లలకి స్నానాలు లేవు. మీ చెట్లకి రోజూ స్నానాలా? బయటికి రమ్మనండి ఆ మేడమ్‌ని!”

కాపలా ఆయన గేటు గొళ్లెం వదలకుండా నిలబడ్డాడు. వదిన లోపల్నుంచి నడిచొచ్చి ఆయన చెయ్యి పక్కకి తీసి, తనే గొళ్లెం తీసింది.

“రండి. తిట్టాలనుకుంటే నీడలో నిలబడి తిట్టండి, ఎండగా ఉంది” అంది.

వాళ్లని తోటంతా తిప్పింది. దేనికి నీళ్లు పడుతున్నారో, దేనికి పట్టట్లేదో, ఎందుకో చెప్పింది. లాండ్రీ ఆవిడ అంతా విని, కాస్త తగ్గి, “ఇదంతా మంచిదే అమ్మా. కానీ మా పిల్లలు కూడా మంచివాళ్లే కదా” అంది.

వదిన నవ్వలేదు. ట్యాంకు వైపు చూసింది, తోట వైపు చూసింది. ఆ తడి గళ్లు ఆమె ఎన్నేళ్ల కష్టమో నాకు తెలుసు. పొడి గళ్లని పోల్చుకోవడానికి తడి గళ్లు లేకపోతే పరిశోధనలో ఒక కాలు విరిగినట్టే.

“రేకుల మరిదీ, ఈ గొట్టం తీసి గేటు బయటికి వేయగలవా?” అంది.

“ఎంతవరకు వదినా?”

“వాళ్ల వీధి చివరి వరకూ.”

“మరి నీ చెట్లు?”

“చెట్లకి ఈ ఏడాది అందరితో పాటే. కానివ్వు.”

ఆ సాయంత్రానికల్లా గొట్టం వీధిలోకి చేరింది. వదిన మేజా మీద చెంప ఆనించుకుని చాలాసేపు కూర్చుంది. అన్నయ్య ఆమె కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టాడు. ఆయన ఓదార్చే పద్ధతి అది.

ఎండలు ముదిరాక గొంగళిపురుగులు దిగాయి. ఏటా కొన్ని వస్తాయి. ఈసారి అంతూ పొంతూ లేదు. తెల్లబెరడు ఒక్కటే ఉన్న గళ్లలోకి అడుగుపెడితే సన్నటి చినుకు పడుతున్న చప్పుడు వినిపించేది. తలెత్తి చూస్తే ఆకాశం నీలంగా, శుభ్రంగా ఉండేది. ఆ చప్పుడు పురుగులు నమలడం, వాటి రెట్టలు ఎండుటాకుల మీద రాలడం. కొద్దిరోజుల్లోనే ఆ చెట్లకి ఈనెలు, అక్కడక్కడ ఆకు ముక్కలు తప్ప మిగలలేదు. అదే తెల్లబెరడు సూదాకుతో కలిసి ఉన్న గళ్లలో మాత్రం పచ్చగా నిలబడి ఉంది. చిల్లులున్నాయి, కానీ ఆకు ఆకులాగే ఉంది.

“మాస్టారి మాటే నిజమైంది!” అన్నాను.

“తొందరపడకు. తిన్నది తక్కువ. అంతవరకే కంటికి కనిపిస్తోంది. వగరు సంగతి కొలిస్తేనే తెలుస్తుంది” అంది వదిన. కానీ ఆమె కళ్లు అప్పటికే వెలుగుతున్నాయి.

ఇంట్లో భోజనాల బల్ల ఆకులతో నిండిపోయింది. సన్నటి గళ్లు గీసిన పారదర్శకమైన రేకు ఆకు మీద పెట్టాలి. పురుగు తిన్న చోట ఎన్ని గళ్లు ఖాళీగా ఉన్నాయో లెక్కపెట్టాలి. అన్నయ్య దుకాణం కట్టేసి వచ్చి, కంటికి భూతద్దం బిగించుకుని కూర్చునేవాడు. అర గడి కూడా వదిలేవాడు కాదు. “ఇక్కడ కొరికి వదిలేసింది, రుచి నచ్చినట్టు లేదు” అని వ్యాఖ్యానాలు కూడా చేసేవాడు.

ఆకులు ఎండబెట్టి, పొడి చేసి, ఆ పొడి నానిన రసంలో ఒక మందు కలిపితే నీలం రంగు తేలుతుంది. వగరు ఎంత ఎక్కువుంటే నీలం అంత ముదురుతుంది. మొదటి వరస గాజు గొట్టాలు బయటికి తీసిన రోజు నేను ల్యాబులోనే ఉన్నాను, కిటికీ చట్రం ఊడిందంటే బాగుచేస్తున్నాను. వెనక నుంచి ఏ చప్పుడూ రాకపోతే తిరిగి చూశాను. వదిన రెండు గొట్టాలు పైకెత్తి వెలుతురులో పట్టుకుని ఉంది. ఒకటి సిరాలా ముదురు నీలం. రెండోది లేత ఆకాశం రంగు.

“ముదురుది కలిపి నాటిన గడిదా?” అన్నాను.

“కాదు. పురుగులు ఊడ్చేసిన గడిది. ఒంటరి జాతిది. పచ్చగా మిగిలినదాంట్లోనే వగరు తక్కువ.”

తలకిందులుగా వచ్చింది. సంచులు తారుమారయ్యాయేమోనని మళ్లీ కొత్త ఆకులు తెచ్చింది, మళ్లీ అదే నీలం. అప్పుడు అన్నయ్యనీ నన్నూ కూర్చోబెట్టింది.

“ఈసారి సంచుల మీద గుర్తులు మీరు మార్చండి. ఏది ఏ గడిదో నాకు తెలియకూడదు. తెలిస్తే నా కన్ను నాకు కావాల్సిందే చూస్తుంది.”

“నీకేం కావాలి వదినా?”

“మాస్టారు గెలవాలి” అంది, ఏమాత్రం దాచకుండా.

మేం గుర్తులు మార్చాం. ఆమె ఏమీ తెలియకుండా కొలిచింది. గుర్తులు విప్పి చూస్తే ఫలితం మారలేదు. ఇంకో చిక్కు కూడా బయటపడింది. పెద్దాకు చెట్టు తాగుబోతు పక్కన ఉన్న గళ్లలో, కలిపి నాటడం మేలు చెయ్యలేదు సరికదా, నిలువునా ముంచింది. తాగుబోతు నేలలో ఉన్న కాస్త తడి లాగేసుకుంటే, పెద్దాకు వాడిపోయి, వగరూ కూడగట్టుకోలేక, పురుగుల పాలైంది.

ఆ తర్వాత కొన్నాళ్లు వదిన రోజంతా తోటలోనే గడిపింది. చెట్టు కింద వెల్లకిలా పడుకుని పైకి చూస్తూ ఉండేది. లాండ్రీ ఆవిడ గొట్టం దగ్గర నీళ్లు పట్టుకుంటూ “మీ వదినకి ఒంట్లో బాగుందా?” అని నన్ను గుచ్చి గుచ్చి అడిగింది. ఒక మధ్యాహ్నం బట్టలు దులుపుకుంటూ వచ్చి వదిన నాకు చెప్పింది:

“ఒంటరి జాతి గడిలో గొంగళికి ఎటు పాకినా అన్నమే. అందుకే అంత పెరిగాయి. కొరికినకొద్దీ ఆ చెట్లు వగరు పెంచాయి, మరిదీ! చుక్క నీళ్లు లేకుండా, ఆకులు పోతున్నా, మిగిలిన ఆకులోకి ఉన్న బలమంతా తెచ్చిపెట్టాయి. అన్ని పురుగుల ముందు అదీ చాలలేదు. మనం వాటిని చేతకానివి అనుకున్నాం. సూదాకు పక్కనున్నవాటికి ఆ అవసరమే తక్కువ పడింది. గాలికి, తను వదిలిన దారం పట్టుకు వేలాడే పురుగు సూదాకు మీద వాలితే తినలేక మాడి చస్తోంది. సూదాకులో పిట్టలు గూళ్లు కట్టాయి, అవి ఏరుకు తింటున్నట్టున్నాయి. కాపాడింది ఆకు లోపలి వగరు కాదు, పక్కన ఉన్నవాళ్లు.”

చివరికి, “ఇది మాస్టారికి నేనే చెప్పాలి. ఎక్కడో చదివి తెలుసుకోకూడదు ఆయన” అంది.

నా బండి మీదే వెళ్లాం. మాస్టారు పాత భవనంలో పై అంతస్తులో ఒక్కరే ఉండేవారు. హాలంతా పుస్తకాలు, కిటికీ కింద కుండీలు. నీళ్ల వంతుల్లో తన స్నానం నీళ్లు దాచి వాటికి పోసేవారు. వదినని చూడగానే ముఖం విప్పారింది.

“ఏమ్మా, గెలిచామా?”

వదిన ఆయన ఎదురుగా కూర్చుని, తడబడకుండా మొత్తం చెప్పింది. ఆయన ముఖం మెల్లగా బిగుసుకుంది.

“కొలతలో తప్పుంది.”

“నేనూ అదే అనుకున్నాను మాస్టారూ. గుర్తులు దాచి మరీ కొలిచాను.”

“కరువు అందరికీ ఒకేలా తగిలింది. నువ్వు నీళ్లు ఆపేశావు. పోల్చడానికి ఏముంది నీ దగ్గర?”

“నిజమే. అది ఈ ఏడాది లోటే. ఆ మాట కూడా రాస్తాను. కానీ ఒంటరి గళ్లకీ కలిపిన గళ్లకీ తేడా అలాగే ఉంది.”

ఆయన లేచి కిటికీ వైపు తిరిగారు. “వెళ్లేటప్పుడు తలుపు దగ్గరగా వేసి వెళ్లండి” అన్నారు.

మెట్లు సగం దిగాక వదిన ఆగి, గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది. కొంగు పట్టుకుని ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. ఒళ్లో చేతులు పెట్టుకుని అలాగే కూర్చుంది.

“ఇంకొంచెం మెత్తగా చెప్పాల్సిందా?” అంది చివరికి.

“ఇంతకంటే మెత్తగా చెబితే ఆయనకి వినపడదు వదినా” అన్నాను. అప్పుడు చిన్నగా నవ్వింది.

మాస్టారు ఫోను ఎత్తలేదు. వదిన కబురు పంపితే జవాబు లేదు. ఈలోపు పట్టణ పాలకులు ఆమెని రమ్మన్నారు. కొండవాలు మీద చెట్లు ఎండి చచ్చిపోయాయి, వానలు పడగానే కొత్తవి నాటాలి. ఎలా నాటాలో చెప్పమన్నారు.

ఆ సమావేశానికి ముందు రోజు పొద్దున్నే తోట గేటు ముందు టాక్సీ ఆగింది. మాస్టారు దిగారు. ఒక చేతిలో మడత కుర్చీ, నెత్తిన ఎండ టోపీ. వదిన పరుగెత్తుకెళ్లింది.

“మాట్లాడకు. చూడనివ్వు” అన్నారు.

కుర్చీ తెల్లబెరడు, సూదాకు కలిసిన గడిలో వేయించుకున్నారు. ఒక గొంగళిని తానే ఏరి తెల్లబెరడు కొమ్మ మీద పెట్టి, చూస్తూ కూర్చున్నారు. అది కాసేపు తింది. గాలొచ్చింది. దారం వదులుకుంటూ జారి, ఊగి, సూదాకు మీదకి చేరింది. సూదుల మధ్య అటు పాకింది, ఇటు పాకింది. తల ఎత్తి గాలిలో వెతికింది. ఎక్కడ్నించో చిటికెనవేలంత పిట్ట వచ్చి ముక్కున కరుచుకుపోయింది. మాస్టారు ఇంకో పురుగుని పెట్టారు. దాన్ని పిట్ట చూడలేదు. అది సూదాకు మీద ఆకలికి మాడుతూ తిరుగుతూనే ఉంది. మధ్యాహ్నం భోజనానికి పిలిస్తే చెయ్యి ఊపి పొమ్మన్నారు.

తర్వాత లేచి ఒంటరి గడిలోకి నడిచారు. ఈనెలు మిగిలిన చెట్టు కొమ్మకి అంటిపెట్టుకున్న ఒక ఆకు ముక్క తుంచి నోట్లో వేసుకున్నారు. ముఖం వంకర్లు తిరిగిపోయింది. నేను నీళ్ల సీసా అందించబోతే వద్దన్నారు. నములుతూనే ఆ చెట్టు బెరడు నిమిరారు.

“ఇంత వగరా! ఇంత ఎండలోనా!” అన్నారు. కళ్లలో నీళ్లు తిరిగాయి. వగరుకో, మరి దేనికో. “అమ్మాయ్, నేను జీవితమంతా ఆకు లోపలికి చూశాను. ఆకు పక్కకి చూడలేదు.”

వదిన ఏదో అనబోయింది.

“ఓదార్చకు. నాకేం దుఃఖం లేదు. ఈ వయసులో కొత్త సంగతి తెలిసింది. రేపు అక్కడ నా పేరు పెట్టి మరీ చెప్పు. ఫలానా ఆయన చెప్పింది తప్పని చెప్పు. లేకపోతే వాళ్లు నా పాత మాటే పట్టుకు వేలాడతారు.”

మర్నాడు సమావేశం గదిలో కుర్చీలు చాలక జనం గోడ వెంట నిలబడ్డారు. నేను తలుపు దగ్గర ఇరుక్కున్నాను. అధ్యక్షుడు తొందరలో ఉన్న మనిషి.

“ఒక్క మాటలో చెప్పండి. కలిపి నాటాలా, వద్దా?”

“ఎవరి పక్కన ఎవరు అన్నది చూసి నాటాలండీ” అంది వదిన.

“అది ఒక్క మాట కాదు కదమ్మా.”

“చెట్లు కూడా ఒక్క రకం కాదు కదండీ.”

గదిలో నవ్వులు రేగాయి. ఆమె అన్నీ విడమరిచి చెప్పింది. తెల్లబెరడుకి సూదాకు తోడు పనికొచ్చింది. పెద్దాకుని తాగుబోతు పక్కన పెడితే కరువులో రెండు విధాలా చస్తుంది. నాలుగూ కలిపితే ఏమవుతుందో ఒక్క ఏడాది చూసి చెప్పలేను. ఇంకో రకం పురుగొస్తే ఇదే తోడు పనికొస్తుందో లేదో కూడా తెలియదు.

“ఎన్ని జాతులుంటే అంత మేలని ఇన్నాళ్లూ చెప్పారు!” అని వెనక నుంచి ఒకాయన ఒంటికాలి మీద లేచాడు. “ఇప్పుడు తెలియదంటే ఎలా? మీ చదువులు నమ్మేదెలా?”

“మేం అనుకున్నది సగం తప్పండీ. తోడు మంచిదన్నది నిజం. ఎందుకు మంచిదన్నది తప్పు. ఏ తోడైనా మంచిదే అన్నది ఇంకా పెద్ద తప్పు.”

ఆయన ఇంకా ఏదో అనబోతే, గోడ దగ్గర నుంచి లాండ్రీ ఆవిడ గొంతు ఖంగుమంది. “అయ్యా, ఆవిడ తన చెట్ల నీళ్లు మాకిచ్చింది. తన నష్టం దాచుకోలేదు. తన తప్పూ దాచుకోలేదు. తెలిసిందేదో తెలిసిందంటోంది, తెలియంది తెలియదంటోంది. అలా చెప్పేవాళ్లని నమ్మకపోతే ఇంకెవర్ని నమ్ముతారు?”

అధ్యక్షుడు కలం కింద పెట్టి, “సరే, ఎవరి పక్కన ఎవరో చెప్పండమ్మా, రాసుకుంటాం” అన్నాడు.

ఇంటికొచ్చి చెప్పులు విడిచేలోపే ఫోను మోగింది. మాస్టారు. ఆ గొంతు నాకు గుమ్మం దగ్గరికే వినపడింది.

“‘మేం అనుకున్నది’ అన్నావట! మేం ఎవరమ్మా? తప్పు నాది. నా తప్పులో నీకు వాటా ఎవరిచ్చారు?”

“మీ దగ్గర నేర్చుకున్నదంతా నాది అయినప్పుడు, అదొక్కటి ఎలా వదిలేస్తాను మాస్టారూ?” అంది వదిన.

ఆయన “పొగరు” అన్నారు. ఆ మాటలో ఎంత ముద్దు ఉందో ఫోనులో కూడా తెలిసింది.

వానలు ఆలస్యంగా వచ్చాయి, వచ్చాక నిలిచి కురిశాయి. పురుగులు ఊడ్చేసిన తెల్లబెరడు చెట్లు చాలావరకు మళ్లీ చిగిర్చాయి. కొన్ని చిగిర్చలేదు. వాటిని కొట్టేసేటప్పుడు వదిన దగ్గరుండి చూసింది. కొండవాలు మీద తెల్లబెరడు, సూదాకు జంటలుగా నాటారు. పెద్దాకుని తడి ఎక్కువుండే దిగువకి చేర్చారు. తాగుబోతుని కొండకి అవతలి వాలున, దాని మానాన దాన్ని వదిలారు. నాటినవాటిలో కొన్ని చచ్చాయి, చాలా బతికాయి. వదినకి సన్మానం చేస్తామంటే, ఇంకో కరువు దాటాక చూద్దామంది.

మాస్టారు మాత్రం వదల్లేదు. ప్రతి వారం టాక్సీలో దిగి, “పిట్టలు కూడా కాపాడాయంటున్నావు. సూదాకు ఒక్కటే ఆకలికి మాడ్చి చంపిందని నేనంటాను. పిట్టల్ని ఆపి చూపించు, ఒప్పుకుంటా” అని పట్టుబట్టారు. వదినకి కావలసిందీ అదే. ఆ వారమే నన్ను పిలిచి, కొన్ని చెట్లు నిలువునా పట్టేంత పంజరాలు కావాలంది. పిట్ట దూరకూడదు, పురుగు, గాలి, వాన మాత్రం దూరాలట.

నేను టేపు పట్టుకుని తెల్లబెరడు చుట్టూ కొలుస్తుంటే, గురుశిష్యులిద్దరూ పంజరం వల కన్ను ఎంత ఉండాలో తేల్చుకోలేక వాదించుకుంటున్నారు. అన్నయ్య భోజనం డబ్బా తెచ్చి గట్టు మీద కూర్చుని, చల్లారిపోతోందని కేకలు వేస్తున్నాడు. ఇద్దరిలో ఒక్కరూ వినిపించుకోలేదు.